రోడ్డు ప్రమాదములు – నష్టపరిహారము

మన పాఠశాల విద్యార్థులలో పెక్కుమంది బస్సులమీదను సైకిళ్లమీదను వచ్చుచున్నారు. వారి తండ్రులు మిల్లులకును అంగళ్లకును మోటారు సైకిళ్లపై పోవుచున్నారు. కావున ప్రమాద విషయము ఈ సంచికలో అప్రస్తుతము కాదని తలంచెదను. పోయిన సంపాదనకును, మిగిలిన అవిటితనమునకును చట్టము పరిహారము నిర్ణయించినది. కాని దానిని అడుగవలసిన రీతి తెలియక విడిచిపెట్టినవారు మనలో కొందరు గలరు.

పూర్వము గాయపడినవాడు సివిలు కోర్టులో దావా వేయవలసి యుండెను. 1939 నాటి మోటారు వాహనముల చట్టమును 1956లో సవరించి, ఈ వ్యవహారములకై ప్రత్యేక ట్రిబ్యునళ్లకు అవకాశము కల్పించిరి. ఇప్పుడు అమలునందున్నది 1988 నాటి చట్టము. దాని 166వ సెక్షను ననుసరించి గాయపడినవాడు స్వయముగాను, మరణించినచో వారసులును, మైనరైనచో వాని పక్షమున తల్లిగాని తండ్రిగాని అర్జీ పెట్టుకొనవచ్చును. ప్రమాదము జరిగినచోటనే పెట్టవలెనను నియమము లేదు. హోసూరు నివాసి కర్ణాటకమున దెబ్బతిన్నను, యానాము నివాసి కాకినాడ రోడ్డుపై దెబ్బతిన్నను, తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేయవచ్చును. ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపల అర్జీ వేయవలెనను గడువు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కనుక గాయము పూర్తిగా మానిన పిదప చూతమని జాగు చేయరాదు.

మనవారి కష్టము పోలీసు ఠాణాలోనే మొదలగును. ఫిర్యాదును కన్నడమునో, అరవమునో, ఒరియానో, మరాఠీనో వ్రాసికొందురు. మాటలాడుట మనకు వచ్చును; చదువుట అందరికిని రాదు. బండి వెనుకనుండి తాకినదా, ఎదురుగా వచ్చినదా, మనవాడు రోడ్డు దాటుచుండెనా, ప్రక్కన నిలిచియుండెనా అను సంగతిలో ఒక్క మాట తారుమారైనను, తప్పు గాయపడినవానిపై పడవచ్చును. తప్పులో వానికిని కొంత పాలున్నదని తేలినచో ఆమేరకు పరిహారము తగ్గును. వ్రాసినదానిని చదివి వినిపింపుమని అడుగుట ఫిర్యాదుదారుని హక్కు. దాని నకలును ఉచితముగా నీయవలెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితయు ఈ హక్కును నిలిపినది. ఆ భాష చదువ నేర్చిన మన పిల్లవానిని వెంట నిడుకొని పోవుట మేలు. విననిదే వ్రేలిముద్ర వేయరాదు.

పేరు విషయమును చిన్నదిగా నెంచవలదు. మనము ఇంటిపేరు ముందు పెట్టుకొందుము. తమిళనాడున తండ్రిపేరులోని మొదటి అక్షరము నుంతురు. మహారాష్ట్రమున తండ్రిపేరు నడుమను, ఇంటిపేరు చివరను వచ్చును. ఆసుపత్రి కాగితమున ఒక పేరు, ఫిర్యాదున ఒకటి, బడి సర్టిఫికెట్టున వేరొకటి యున్నచో, ముగ్గురును ఒక్కరే యని ఋజువు చేయుటకు కాలము పట్టును. వయస్సుకును బడి కాగితమే మంచి సాక్ష్యము. వయస్సును బట్టియే పరిహారపు లెక్క మారును గనుక దానిని భద్రపరుపవలెను.

ఆ లెక్క యెట్టిదో చూపెదను. షోలాపురమున మరమగ్గముపై పనిచేయు 38 ఏండ్ల నేతగాడు నెలకు 15,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. సర్వోన్నత న్యాయస్థానము 2017లో నిర్ణయించిన ప్రకారము, స్థిరమైన ఉద్యోగము లేని 40 ఏండ్లలోపు వానికి భవిష్యత్తులో పెరుగదగు ఆదాయమునకై నూటికి 40 చేర్తురు. అది 21,000 అగును, ఏడాదికి 2,52,000. 36 మొదలు 40 ఏండ్ల వయస్సువారికి 2009 నాటి తీర్పుననుసరించి దీనిని 15చే గుణింతురు: 37,80,000. ఇక చేయి దెబ్బతిన్నందున సంపాదనాశక్తి నూటికి 40 వంతులు పోయినదని తేలినచో 15,12,000 రూపాయలు వచ్చును. కాని ఆ చేయి లేనిదే మగ్గము నడువదని ఋజువైనచో, నష్టము నూటికి నూరు వంతులు కావచ్చును. శరీరమున కలిగిన లోపము వేరు, సంపాదనకు కలిగిన లోపము వేరు అని 2010లో ఆ న్యాయస్థానమే విశదపరచినది. ఎడమచేయి పోయిన వడ్రంగికిని, గుమాస్తాకును నష్టము సమానము కాదు. కావున వైద్యుని సర్టిఫికెట్టుతో తృప్తిపడక, ఏ పని చేయుచుండెనో, ఇప్పుడేది చేయలేడో చెప్పగల తోటిపనివానిని సాక్షిగా పిలువవలెను. కూలిచీటీలు లేనివారికి బ్యాంకు పాసుపుస్తకమైనను ఉపకరించును. చికిత్స ఖర్చులు, సేవకుని ఖర్చు, అనుభవించిన బాధ వీనికి వేరుగా లెక్క కట్టుదురు. మందుల బిల్లులను పారవేయకుడు.

సంపాదన లేని బాలునికి నష్టమేమి అని కొందరందురు. ఇది సరికాదు. 2020లో, పన్నెండేండ్ల ప్రాయమున మెదడు దెబ్బతిన్న ఒక బాలిక విషయమున, జీవితాంతము ఆమెకు కావలసిన పరిచారకుల ఖర్చును సైతము సర్వోన్నత న్యాయస్థానము లెక్కించినది.

గుద్దిన బండి జాడ తెలియకున్నను నిరాశ వలదు. 2022 నుండి అట్టి ప్రమాదములలో మరణమునకు 2,00,000, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రభుత్వ పథకమున లభించును. 2025 మే నెలలో ప్రకటింపబడిన మరియొక పథకము ప్రకారము, ప్రమాదము నాటినుండి 7 దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, నిర్ణీతమైన ఆసుపత్రులలో రొక్కము చెల్లింపకయే చికిత్స పొందవచ్చును.

వచ్చినదానిలో ఇంత వంతు నాకని ముందుగా ఒడంబడిక చేసికొను వకీలు తన వృత్తినియమమును మీరినవాడు. స్త్రీలకును, బాలురకును, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును. లోక్ అదాలతులో రాజీ శీఘ్రముగా తేలును. కాని దానిపై అప్పీలు లేదు గనుక పైన చూపిన లెక్క ఇంటివద్దనే కట్టుకొని పోవలెను. మైనరు పేర వచ్చిన సొమ్మును సామాన్యముగా వాడు మేజరగు వరకు బ్యాంకులో డిపాజిటుగా నుంచుదురు. చికిత్సకో చదువుకో నడుమ కావలసి వచ్చినచో, కారణము చూపి ట్రిబ్యునలునకే మరల అర్జీ పెట్టుకొనవలెను.