నిర్మల్ చిలుక – అమెరికా వెదురు



వార్డెన్ మేడం గారి బల్ల మీద ఒక చిలుక ఉన్నది కదా, అది నిర్మల్ బొమ్మ. తుడిచేటప్పుడు ఎత్తి చూసిన. దూది లెక్క తేలిక! అది పొనికి కట్టె. ముక్కలు చెక్కి, చింతగింజల బంకల రంపపు పొట్టు కలిపి అతికిస్తరు. ఆరినంక తెల్ల సుద్ద పూసి పైన రంగులు వేస్తరు. పూర్వం ఆకు పసర్లతో, రంగు రాళ్ళతో రంగులు చేసేవారు. ఇప్పుడు డబ్బా రంగులే. బల్లలకు, పలకలకైతే టేకు వాడుతరు. నల్లరంగు మీద బంగారు రంగు తీగలు, అజంతా బొమ్మలు, మొగలుల బొమ్మలు గీస్తరు. ఎక్కడి బొమ్మలో నిర్మల్‌కు వచ్చి నిర్మల్‌వే అయినయి.

జపాన్ వాళ్ళు కూడా కట్టె మీద ఒక చెట్టు పాలను పొరలు పొరలుగా పూసి నిగనిగలాడే నలుపు తెస్తరు. 1853లో అమెరికా ఓడలు జపాన్ పోయినవి, 1854లో ఒప్పందం అయినది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాన్ సామాను చూసి అమెరికా వారికి మోజు ఇంకా పెరిగింది. న్యూయార్క్‌లో హెర్టర్ బ్రదర్స్ అనేవారు చెర్రీ కట్టెకు నలుపు వేసి, వేరే రంగు కట్టె ముక్కలతో పూలు పొదిగినరు. పూలను జపాన్ పద్ధతిలో ఒక పక్కకు జరిపి పెట్టినరు.

ఇంకో సంగతికి నాకు నవ్వు వచ్చింది. మేపుల్ అనే గట్టి కట్టెను కణుపులు కణుపులుగా చెక్కి, వెదురు అనిపించేటట్టు మంచాలు, బీరువాలు చేసి అమ్మినరట! దొరలకు వెదురు అంత గొప్ప అయింది.

తర్వాత నవ్వు ఆగింది. మాది కొలాం గూడెం. మా అమ్మ వెదురు తట్టలు, చాటలు అల్లుతది. నిరుడు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, అటే నన్ను చూడ వచ్చింది. నెత్తి మీద కొత్త తట్ట. ఎవరే అని ఒకామె అడిగితే "మా ఊరామె" అని చెప్పిన. మా అమ్మ విన్నది. ఏమీ అనలేదు. తట్ట నా చేతికిచ్చి బస్సు ఎక్కింది.

ఆమె మా అమ్మనే.

ఆ తట్ట నా పెట్టె వెనక దాచిన. ఆదివారం బయట పెడుత. అంచు ఎట్ల మడిచి అల్లుతరో చూడాలంటే రండి.