చిత్తకార్తె సలహా: మంద కుక్కను పని చూసి జత కట్టండి

చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. ఊరకుక్కలు ఎక్కువగా ఎదకు వచ్చే రోజులివి. జీవాలు పెంచేవారు తమ ఆడకుక్కను ఇప్పుడు పట్టించుకోకపోతే, తండ్రి ఏదో తెలియని పిల్లలు ధనుర్మాసపు చలిలో పుడతాయి. వాటిలో మందకు పనికొచ్చేది ఒకటి దొరకడం అదృష్టం మీదే ఆధారపడుతుంది. మిగిలినవి వీధిపాలవుతాయి. కాబట్టి జత కట్టకముందే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: పుట్టబోయే కుక్క చేయాల్సిన పని ఏది?

దొడ్డి పని వేరు, బీడు పని వేరు

అమెరికాలో చిన్న రైతులు తరతరాలుగా ఇంగ్లిష్ షెపర్డ్ కుక్కల్ని పెంచుకున్నారు. పాడి ఆవుల్ని ఇంటికి తోలడం, ఎలుకల్ని పట్టడం, కోళ్లను కాయడం, కొత్త మనిషి వస్తే మొరగడం, ఇవన్నీ ఒకే కుక్క చేయాలి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో పెరిగిన బోర్డర్ కోలీ పని వేరు. అది గొర్రెలకు దూరంగా చుట్టుతిరిగి వెళ్లి, మొరగకుండా, చూపుతోనే అదిలించి మందను కాపరి దగ్గరికి తెస్తుంది. ఆస్ట్రేలియాలో పశువుల్ని చాలా దూరం తోలుకెళ్లాలి. అందుకే న్యూసౌత్‌వేల్స్‌లో థామస్ హాల్ 19వ శతాబ్దంలో తోలుడు కుక్కల్ని అక్కడి అడవి కుక్క డింగోతో కలిపి గట్టి జాతిని తయారు చేశాడు. అది సద్దు చేయకుండా వెనకనుంచి వచ్చి పశువు మడమ దగ్గర కొరికి కదిలిస్తుంది.

అలా కొరికే కుక్కను చూలు గొర్రెలున్న చిన్న దొడ్డిలో వదిలితే నష్టమే. రోజంతా పరుగు కోరే కుక్కను పెరట్లో కట్టేస్తే కోళ్లను, సైకిళ్లను, పిల్లల్ని తరుముతుంది. తప్పు కుక్కది కాదు, ఎంపికది.

మనకు కావలసిన కుక్క

మన దగ్గర మేత బీళ్లకు కంచెలుండవు. అటూ ఇటూ పంట చేలుంటాయి, కాపరి మందతోపాటే నడుస్తాడు. కాబట్టి దూరం నుంచి మందను పోగుచేసే నేర్పు కన్నా కాపలా, నిదానం, మాట వినడం మనకు ముఖ్యం.

ఇంటి దగ్గర ఇరవై, ముప్పై జీవాలున్న రైతుకు మెలకువగా ఉండి మొరిగేది, కోళ్లతో, పిల్లలతో ఓపికగా మసలేది, వాకిలి వదిలి తిరగనిది కావాలి. పాలమూరు, అనంతపురం వైపు కాపరుల్లా మేత కోసం నెలల తరబడి వలస పోయే మందకు ఎండకు, నడకకు ఆగేది, సంకటి తిని బతికేది, రాత్రి నక్కను, తోడేలును పసిగట్టేది కావాలి. దారిలో ఊళ్లు దాటుతున్నప్పుడు మనుషుల మీద పడనిది కావాలి. ఈ రెండో పనికి పొట్టి వెంట్రుకల నాటు కుక్కలే మేలు. కాపలాకు పేరున్న కర్నూలు జిల్లా పందికోన కుక్కల వంటివి మన చేతిలోనే ఉన్నాయి. ఒత్తైన బొచ్చున్న కోలీకి మన వేసవి కష్టం. పట్నంలో కొనే పిల్లకు జాతి కాగితం ఉండొచ్చు గాని, దాని తల్లిదండ్రులు గొర్రెను చూసి ఉండకపోవచ్చు.

జతను ఎంచే తీరు

పొట్టేలును ఎంచేటప్పుడు తల్లి పాలు, తండ్రి ఒడ్డు పొడుగు చూస్తాం కదా, కుక్కకూ అదే పద్ధతి. తల్లిదండ్రులు రెండూ కనీసం ఒక ఏడాది మందలో పని చేసి చూపినవై ఉండాలి. గొర్రెపిల్లను కొరికినది, ఉరుముకు, టపాసుకు బెదిరి పారిపోయేది, కారణం లేకుండా మనిషిని కరిచేది ఎంత అందంగా ఉన్నా జత కట్టొద్దు.

ఒకదాని లోటును మరొకటి పూడ్చేలా చూడండి. బోర్డర్ కోలీలకు మూలపురుషుడిగా చెప్పే ఓల్డ్ హెంప్ 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర పుట్టింది. దాని తండ్రి రాయ్ నెమ్మదైనది, చూపులో పదును తక్కువ. తల్లి మెగ్ చూపు చాలా పదును, కాని బిడియం ఎక్కువ. హెంప్ మాత్రం గోల లేకుండా, స్థిరంగా పనిచేసింది. చుట్టుపక్కల కాపరులంతా దాని సంతతిని కోరుకున్నారు.

దగ్గరి రక్తసంబంధమున్న వాటిని కలపవద్దు. కొన్ని జాతుల్లో రంగు కూడా చూడాలి: రెండు మచ్చల బూడిద రంగు ఆస్ట్రేలియన్ షెపర్డ్ కుక్కల్ని జత కడితే చెవుడు, గుడ్డితనం ఉన్న పిల్లలు పుట్టే ప్రమాదముంది.

ఈత, పిల్లల పెంపకం

పిల్లల్ని అమ్మేవారికి కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితంలో ఐదు ఈతలే ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇంటి అవసరానికి పెంచే రైతుకూ ఇది మంచి కొలతే. జత కట్టదలచుకోని కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి.

చూలు సుమారు 63 రోజులు. చలిలో ఈనుతుంది కాబట్టి గాలి తగలని చోట, గోనెసంచులు పరిచి సిద్ధంగా ఉంచండి. మూడో వారం నుంచి మూడు నెలల వరకు పిల్ల చూసినవే దానికి తనవైపోతాయి. ఆ రోజుల్లోనే దాన్ని గొర్రెల వాసనకు, మనుషులకు అలవాటు చేయండి. ఆటగా గొర్రెపిల్లను తరమడం మొదలుపెడితే వెంటనే ఆపించండి. దాన్ని ఒంటరిగా గొర్రెపిల్లల మధ్య వదలొద్దు.

టీకాలు, నట్టల మందు

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ, ఇక ఏటా వేయించండి. పిల్లలకు రెండు వారాల వయసు నుంచే నట్టల మందు అవసరం. పెద్ద కుక్కలకు కనీసం మూడు నెలలకొకసారి బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు ఇప్పించండి.

కోసిన గొర్రె తలకాయ, నీటి బుగ్గలున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి, లోతుగా పూడ్చండి. వాటి నుంచి కుక్కకు బద్దెపురుగు పడుతుంది. కుక్క మలంతో గుడ్లు మేతలో కలిస్తే గొర్రెలకు తల వాల్చి గుండ్రంగా తిరిగే జబ్బు వస్తుంది. కాలేయంలో బుగ్గలు పుట్టించే రకం మనుషులకూ సోకుతుంది. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకు సొంతంగా వేయొద్దు. కోలీ రక్తమున్న కుక్కలకు అది ప్రాణాంతకం కావచ్చు.

మంచి మంద కుక్క రెండు మూడు తరాల ఎంపికతో తయారవుతుంది. ఈ చిత్తకార్తెకు మీ దగ్గర పని చూపిన జత లేకపోతే ఆడకుక్కను మగకుక్కలు చేరలేని చోట మూసి ఉంచండి. ఊళ్లో కాపరులంతా మాట్లాడుకుని, పనికొచ్చిన కుక్కలు ఎవరి మందలో ఉన్నాయో రాసి పెట్టుకుని, వచ్చే ఎదకు వాటినే కలపండి.