ఫార్మాట్ కొట్టే ముందు

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. పని చేసుకుంటూ ఉండగానే కంప్యూటర్ ఆగిపోయి దానంతటదే మళ్లీ మొదలవుతోందని, అప్పుడప్పుడు నీలం తెర వస్తోందని రాశావు. షాపతను ఇప్పటికే రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు, ఇప్పుడు ర్యామ్ మార్చాలంటున్నాడు, డబ్బు కోసం నాన్నని అడగనా అన్నావు. ఇప్పుడే అడగకు. ర్యామ్ పాడై ఉండొచ్చు, కాదనను. కానీ పాడైందో లేదో ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు కదా. పరీక్షించకుండా ఒక్కో భాగం మార్చుకుంటూ పోతే మీ నాన్న జేబు ఖాళీ అవుతుందే కానీ జబ్బు దొరకదు.

అన్నిటికంటే ముందు నీ ప్రాజెక్టు ఫైళ్లు, ఇంటి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టు. ఇలా హఠాత్తుగా ఆగిపోయే కంప్యూటర్‌లో, ఫైలు సేవ్ అవుతున్న క్షణంలోనే కరెంటు తెగితే ఆ ఫైలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ఈ పని అయ్యాకే మిగతావి.

ఫార్మాట్ సంగతి చెప్తాను. వైరస్ పట్టినప్పుడో, విండోస్ ఫైళ్లు చెడిపోయినప్పుడో అది మంచి మందే. కానీ ఎందుకు ఆగిపోతోందో తెలియనప్పుడు చేస్తే ఉన్న ఆధారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కంప్యూటర్ ఎప్పుడు ఆగిందో, ఏ ప్రోగ్రామ్ పడిపోయిందో విండోస్ తన పుస్తకంలో రాసుకుంటూనే ఉంటుంది. నీలం తెర వచ్చినప్పుడు మినీడంప్ అనే చిన్న ఫైలు కూడా దాచిపెడుతుంది. రెండుసార్లు ఫార్మాట్‌తో అవన్నీ పోయాయి. ఇకనుంచి పోనివ్వకు.

నీ కంప్యూటర్‌లో ఏముందని ఫోన్‌లో అడిగితే "ఐ5, ఎనిమిది జీబీ" అన్నావు. అది చాలదు. ఐ5 పేరుతో ఇంటెల్ 2009 నుంచి ప్రాసెసర్లు అమ్ముతోంది. ఐ5-3470 అంటే మూడో తరం, దానికి డీడీఆర్3 ర్యామ్ కావాలి. ఐ5-10400 అంటే పదో తరం, దానికి డీడీఆర్4. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు, గాడి వేరే చోట ఉంటుంది. పూర్తి పేరు తెలియకుండా ర్యామ్ కొంటే మళ్లీ షాపు చుట్టూ తిరగాలి. పేరుతో జబ్బే తెలిసిపోయే సందర్భాలూ ఉన్నాయి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతిని నిలకడ తప్పుతున్నాయని 2024లో ఇంటెల్లే ఒప్పుకుంది. దానికి విరుగుడుగా బయోస్ అప్‌డేట్లు ఇప్పించింది, వారంటీ పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పు మాత్రం అప్‌డేట్‌తో బాగుపడదు. అలాంటి చిప్పు ఉన్నవాళ్లు ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, ఎన్ని ర్యాములు మార్చినా ఏం లాభం?

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరువు. ప్రాసెసర్ పూర్తి పేరు, బయోస్ తేదీ అక్కడే ఉంటాయి. అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో సిస్టమ్ మోడల్ దగ్గర చాలాసార్లు "టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం." అని ఉంటుంది. కంగారుపడకు, తయారీదారు ఆ గడి నింపలేదు, అంతే. కింద బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ అనే వరుసలో ఉన్నదే మదర్‌బోర్డ్ పేరు. ర్యామ్ కోసం సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ పేజీ చూడు. ఏ స్లాటులో ఏ కంపెనీ కడ్డీ ఉందో, దాని పార్ట్ నంబరుతో సహా చెబుతుంది. రెండు కడ్డీలు వేర్వేరు కంపెనీలవైతే అదీ రాసుకో.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో పేరులేని భాగం కనిపిస్తే దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో తయారీదారు గుర్తు ఉంటుంది: 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 1002 అయితే ఏఎండీ, 10ఈసీ అయితే రియల్‌టెక్. దేనికి డ్రైవర్ వెయ్యలేదో దాన్నిబట్టి తేలిపోతుంది. మీ నాన్న గ్రాఫిక్స్ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి జీపీయూ-జెడ్ కూడా ఒకసారి నడుపు. పాత చిప్పుకి కొత్త పేరు ఎక్కించి అమ్మే నకిలీ కార్డులు బజారులో ఉన్నాయి. వాటిలో చాలావాటిని అది పట్టిస్తుంది.

ఇక నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినవి, చివర్లో నువ్వు ఊరికే రాసి వదిలేసిన రెండు మాటలు. నీళ్ల మోటారు వేసినప్పుడు ఆగిపోయిందన్నావు. చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందన్నావు. ఈ రెండూ చదివాక నా అనుమానం ర్యామ్ మీద లేదు, కరెంటు మీదే ఉంది.

ఆ జివ్వుమనడం ఎందుకో విను. కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల కరెంటు వైర్లకీ లోహపు డబ్బాకీ మధ్య చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగ ద్వారా నేలలోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే పోయే దారి లేక క్యాబినెట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం, అంటే నూరు వోల్టుల పైచిలుకు నిలబడుతుంది. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటోంది. కానీ ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఇన్సులేషన్ పాడైన రోజున ప్రాణాన్ని కాపాడేది ఆ ఎర్త్ తీగే. మీ గోడ ప్లగ్గులో మూడో రంధ్రానికి అసలు తీగ ఉందా? రెండు పిన్నుల కన్వర్టర్ ఏదైనా మధ్యలో పెట్టారా? ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మీటరు పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి ఉండకూడదు. ఇది నువ్వు చేసే పని కాదు తల్లీ, అతనే చెయ్యాలి.

మోటారు సంగతికొస్తే, మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, ఇంట్లో లైట్లు కూడా ఒక క్షణం మసకబారతాయి. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. నాసిరకందీ, ముసలిదీ తట్టుకోలేవు. మీ దానికి వెనక అంటించిన లేబుల్ చూడు. పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటే నమ్మేయకు. 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చదువు. అక్కడ 16 అని ఉంటే 12 పదహార్లు 192 వాట్లు, అంతే. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ వరుస మీదే బతుకుతాయి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే స్లాటు నుంచి 75 వాట్ల వరకు లాగొచ్చు, విడిగా ఆరు పిన్నుల తీగ కూడా తగిలిస్తే మరో 75. లెక్క నువ్వే వేసుకో. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో: ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మూత ఎప్పుడూ విప్పకు. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

మీ కంప్యూటర్ ఇన్వర్టర్ లైను మీద ఉందా, విడిగా యూపీఎస్ ఉందా? ఇన్వర్టర్ అయితే చాలావాటికి వెనక ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారేటప్పుడు పట్టే జాప్యానికి కంప్యూటర్ ఆగిపోవచ్చు. యూపీఎస్ అయితే బ్యాటరీ ఎన్నాళ్లదో కనుక్కో. చచ్చిన బ్యాటరీతో ఉన్న యూపీఎస్ కరెంటు కన్నార్పినా కంప్యూటర్‌ని కాపాడలేదు. ఎర్తింగ్ సరిచేయించాక కొన్నాళ్లు యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడు.

ఈలోగా ఒక కాగితం కంప్యూటర్ పక్కనే పెట్టుకో. ఆగిన ప్రతిసారీ తేదీ, టైము, ఆ సమయంలో ఏం చేస్తున్నావో, ఇంట్లో మోటారో మిక్సీయో ఏసీయో నడుస్తోందేమో రాయి. దాన్ని విండోస్ రాసుకునే పుస్తకంతో, అంటే ఈవెంట్ వ్యూయర్‌తో పోల్చి చూద్దాం. అందులో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం, కారణం అది చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉండి, మినీడంప్ కూడా లేకపోతే, కరెంటు తెగిందన్న నా అనుమానం బలపడుతుంది. వీయా-లాగర్ పేరుతో ఎర్రగుర్తులు వస్తే ఏదో భాగం తానే ఫిర్యాదు చేస్తున్నట్టు. నీలం తెర మీద ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తే ముందు ఆ డ్రైవర్‌ని మార్చు. ఒక్కోసారి ఒక్కో కోడ్ వస్తుంటే అప్పుడు ర్యామ్‌ని పరీక్షించాల్సిందే.

ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మెమ్‌టెస్ట్86+ ని వేరే ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితో బూట్ చేసి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేసరికి ఒక్క తప్పు కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. అప్పుడు ఒక్కో కడ్డీని విడిగా, ఒకే స్లాటులో పెట్టి మళ్లీ నడపాలి. బయోస్‌లో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే ఆపేసి కూడా చూడు. ఆపాక తప్పులు రాకపోతే కడ్డీ పూర్తిగా పాడవకపోయి ఉండొచ్చు, ఆ వేగాన్ని మోయలేకపోతోందేమో. కడ్డీ అంచుని రబ్బరుతో రుద్దితే బాగైపోతుందని చాలామంది చెబుతారు. బాగయ్యేది సాధారణంగా తీసి మళ్లీ గట్టిగా పెట్టడం వల్లే. రబ్బరు పొడి స్లాటులో పడుతుంది, వద్దు.

వేడి గురించి పెద్దగా చెప్పను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత నూరు డిగ్రీల దాకా ఎగబాకుతుంటే ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీది పేస్టు మార్పించు. క్యాబినెట్ తెరిచినప్పుడు మదర్‌బోర్డ్ మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా చూడు. ఉబ్బితే ఆ బోర్డుకి ఆయుష్షు లేనట్టే.

ఏది మార్చినా ఒక్కటే మార్చి, కొన్ని రోజులు వాడి చూశాకే రెండోది ముట్టుకో. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ప్రాసెసర్, మదర్‌బోర్డ్ పూర్తి పేర్లు, ఎస్‌ఎమ్‌పీఎస్ లేబుల్ ఫొటో, ఒక వారం రాసిన కాగితం నాకు వాట్సాప్‌లో పంపు. అవి చూశాకే ఏం కొనాలో చెప్తాను, అంతవరకు ర్యామ్ వద్దని మీ నాన్నతో నా మాటగా చెప్పు. ఎర్తింగ్ మాత్రం ఆగకూడదు, రేపే చూపించమను. అది సరయ్యేదాకా చెప్పులు లేకుండా ఆ క్యాబినెట్‌ని ముట్టుకోకు, తమ్ముణ్ణీ ముట్టుకోనివ్వకు.

ఇట్లు,
నీ మావయ్య