పంచాయతీ వేలములు – చుట్టరికములు

లంచమనగానే బల్లక్రింద చేయి చాచిన గుమాస్తా మనకు స్ఫురించును. కాని ఎవరును పైకము పుచ్చుకొనకముందే అవినీతి ఆరంభము కావచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల క్రిందనున్న ఒక గ్రామమును ఊహింపుడు. చెరువులో చేపలు పట్టుకొను హక్కును పంచాయతీ వేలము వేసినది. దండోరా వేయలేదు. పోటీకి ఎవరును రాలేదు. ఒక సభ్యుని బావమరిదికి తక్కువ పాటకే చెరువు దక్కినది. ఇందు లంచము లేదు. అయినను వీధి దీపములకు, మంచినీటి గొట్టములకు కావలసిన సొమ్ము పోయినది.

పంచాయతీతో చేసికొనిన, ఇంకను ముగియని కాంట్రాక్టులో లాభము గలవాడు సభ్యత్వమునకు అనర్హుడని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. బావమరిది పేరు పెట్టి పెట్టుబడి తానే పెట్టిన సభ్యుడు దీనినుండి తప్పించుకొంటినని తలచరాదు. బావమరిది నిజముగా తన సొమ్ముతోనే పాడినచో? అప్పుడు సభ్యుడు ఆ చుట్టరికమును ముందే సభలో చెప్పి, తీర్మానముల పుస్తకములో వ్రాయించి, ఆ విషయము తేలువరకు వెలుపల నుండుట మేలని మా అభిప్రాయము. మన పల్లెలలో సగము ఊరు తక్కిన సగమునకు చుట్టమే గదా! ఇందు నామోషీ ఏమియు లేదు.

ఉద్యోగులకును కట్టుబాట్లు కలవు. మన రాష్ట్రమున అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వము 1962లో నియమించిన సంతానం సంఘము సిఫార్సుపై 1964లో కేంద్ర నిఘా సంఘము వెలసినది. రాష్ట్రోద్యోగుల ప్రవర్తనా నియమావళియు 1964 నాటిదే.

మురుగుకాలువ పూడిక తీసిన బిల్లునకు కొలతలు వ్రాయుటకై ఎవరైన వాటా అడిగినచో ఏమి చేయవలెను? 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించిన పిదప లంచమిచ్చుటయు నేరమే. నిర్బంధమునకు లోబడి ఇచ్చినవాడు 7 దినములలోగా పోలీసులకు గాని, దర్యాప్తు సంస్థకు గాని తెలిపినచో అతనికి రక్షణ కలదు. ఇయ్యకముందే అవినీతి నిరోధక శాఖకు తెలుపుట ఇంకను మంచిది. వారు నోట్లకు ఫినాఫ్తలీను పొడి పూయుదురు. పుచ్చుకొన్నవాని వ్రేళ్లను సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో ముంచినచో ఆ నీరు గులాబి రంగు దాల్చును. నేరము రుజువైనచో 3 మొదలు 7 ఏండ్ల వరకు కారాగారము, జుల్మానా. ఈ చట్టము దృష్టిలో పంచాయతీ సభ్యులును ప్రజాసేవకులే.

ఇక రాబోవు వేలమునకు ముందు తేదీని దండోరా వేయింపుడు. షరతులతో పాటు గత మూడేండ్ల పాట మొత్తములను పంచాయతీ కార్యాలయపు గోడమీద అంటింపుడు. పాట తగ్గినచో కారణమడుగుటకు ఊరివారే వత్తురు.