కీబోర్డు వాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి

సూరత్‌లో బమ్రోలి అంటే సాంచాల చప్పుడు. ఆ సాంచాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఆ నగరంలో దశాబ్దాలుగా ఉన్నాయి. అలాంటి ఇంట్లో చదువుకునే పిల్లలకు పాత కంప్యూటర్ ఒకటి దొరికితే, పైసా ఖర్చు లేకుండా వేసుకోగలిగేది లినక్స్. వేసిన రోజే కొందరికి తెర నల్లబడుతుంది. ఇంకొందరికి అక్షరాలు బండగా సాగిపోయి కనిపిస్తాయి. వెంటనే కాస్త తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తారు. ఆ తెలిసినవాళ్లు మీరే అనుకోండి. ఏం చేస్తారు?

ముందు భయం తీయండి. ఈ భయం ఊరికే పుట్టలేదు. లినక్స్ తెరను చాలాకాలం మోసిన ఎక్స్ విండో సిస్టం ఎమ్‌ఐటీలో 1984లో మొదలైంది. 1990లలో దాన్ని ఇంట్లో నడపాలంటే మానిటర్ ఫ్రీక్వెన్సీలను చేత్తో ఫైల్‌లో రాసుకోవాల్సి వచ్చేది. అంకె తప్పితే మానిటరే దెబ్బతినొచ్చని ఆనాటి మాన్యువల్స్ హెచ్చరించేవి. ఇప్పుడు మానిటరే తన కొలతలను కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. రిజల్యూషన్ తప్పు పెట్టినంత మాత్రాన ఏదీ కాలిపోదని చెప్పండి. గొంతులో తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత అడగండి. చిట్కాలు ఇంకా వద్దు. "ఏమీ రావట్లేదన్నా" అంటే అర్థం ఏమిటి? లోగో దాకా వచ్చిందా? పాస్‌వర్డ్ అడిగిందా? నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత పోయిందా? తెరను ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కించండి. అక్షరాల తెర వస్తే సిస్టం నడుస్తున్నట్టే, పడిపోయింది గ్రాఫిక్స్ ఒక్కటే. అది కూడా రాకపోతే బూట్ మెనూలో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కమనండి. చాలాసార్లు తెర తిరిగి వస్తుంది. ఆ మార్పు ఆ ఒక్కసారికే, రీస్టార్ట్ చేస్తే పోతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే ప్రయోగం నాకు తెలియదు. అసలు మందు గ్రాఫిక్స్ కార్డుకు తగిన డ్రైవర్. అది తెర వచ్చాక తీరిగ్గా వేయించవచ్చు. అక్షరాలు బండగా ఉన్నాయంటే ముందు కేబుల్ మార్చి చూడమనండి. పాత వీజీఏ కేబుల్, చౌక కన్వర్టర్ మధ్యలో ఉంటే మానిటర్ చెప్పే కొలతలు కంప్యూటర్‌కు చేరకపోవచ్చు.

ఎక్కడో చూసిన పాత చిట్కాను గుడ్డిగా పంపకండి. 2008లో మొదలైన వేలాండ్ ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఎక్స్ స్థానంలోకి వచ్చింది. ఎక్స్ కోసం రాసిన కమాండ్ అక్కడ పనిచేయకపోతే, పాపం, తప్పు తమదే అనుకుంటారు ఆ పిల్లలు.

ఇవన్నీ తెలిసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, ఓపిక పట్టేవాళ్లే తక్కువ. పక్కన కూర్చుంటే కీబోర్డు లాక్కుంటారు, ఫోన్‌లో ఉంటే "ఇది కాపీ చేసి పేస్ట్ చెయ్" అంటారు. సాంచా మీద పోగు తెగిన ప్రతిసారీ ఉస్తాదే ముడివేస్తుంటే, పక్కన నిలబడ్డ కుర్రాడికి పని ఎప్పుడొస్తుంది? మీరు చెప్పండి, వాళ్లు టైప్ చేయాలి. ప్రతి కమాండ్ ఏం చేస్తుందో నొక్కకముందే చెప్పండి. ఏదైనా ఫైల్ మార్చేముందు దాని నకలు తీయించండి. మీకు తెలియనిది వస్తే తెలియదనే చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి.

ఇంగ్లిష్ మెనూలు చూసి జంకేవాళ్లకు తెలుగులో కనిపించే లినక్స్ కూడా ఉంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఆ పని చేశారు.

ఈసారి అలాంటి ఫోన్ వస్తే, తెర వెలగగానే పెట్టేయకండి. మొదటి నుంచి ఇంకోసారి వాళ్ల చేతే చేయించండి. చేసిన పనిని నోట్‌బుక్‌లో వాళ్ల మాటల్లోనే రాసుకోమనండి. పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు ఇదే సమస్య వచ్చినప్పుడు ముందుగా ఆ పిల్లలనే పంపించండి.