ప్రొఫెసరుగారితో ఏకీభవించని ఒక సెమినార్ పేపరు

ఎం.ఏ. క్లాసులో ప్రొఫెసరుకూ విద్యార్థికీ మధ్య మాటలు ఎలా నడవాలన్న సంగతి బి.యస్సీ. చదివే నీకెందుకయ్యా అని మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నేను కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్ పట్టుకొనేవాణ్ణి. మా నాన్న వేరుశెనగ పండించే రైతు. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం వంటి వాటిని మానవీయశాస్త్రాలంటారని కూడా మా అక్క ఒక యూనివర్శిటీలో ఎం.ఏ. చరిత్రలో చేరిన తర్వాతే నాకు తెలిసింది. కిందటేడు ఆమెకు వచ్చిన చిక్కే నా చేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

చిక్కు ఇది. మూడో సెమిస్టరులో ఒక్కొక్కరూ ఒక పేపరు రాసి క్లాసులో చదవాలి. అక్క రాయలసీమ చెరువుల్ని తీసుకుంది. ఆ విషయం మీద ప్రొఫెసరుగారు అంతకుముందే నోట్సు చెప్పి ఉన్నారు. పూర్వం ఊరివాళ్ళంతా కలిసి ఏటేటా చెరువుకట్ట మీద మట్టి వేసుకొని, కాలువల్లో పూడిక తీసుకొనేవారనీ, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో దీన్నే కుడిమరామత్తు అన్నారనీ, పోనుపోను రైతుల్లో ఆ శ్రద్ధ తగ్గి చెరువులు చెడ్డాయనీ ఆ నోట్సు సారాంశం.

సెలవులకు వచ్చినప్పుడు అక్క ఈ ముక్క చదివి వినిపిస్తే, ఎనభై దాటిన మా జేజినాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"శ్రద్ధ తగ్గెనా? ఎవురు చెప్పిరి పాపా నీకు? చెరువు చూసుకొనే ఇంటోళ్ళకు దశబంధం మాన్యం ఉండె. మాన్యం తింటాండ్రి, కట్ట చూసుకుంటాండ్రి. మాన్యం పట్టా అయిపోయినాక వాళ్ళకేం పని? మాన్యం లేని మాకేం పని?"

దశబంధమంటే తెలియని స్నేహితుల కోసం చెబుతాను. చెరువు కట్టించి, దాని బాగోగులు చూసుకొనే కుటుంబానికి శిస్తు లేకుండానో, తగ్గించో ఇచ్చిన భూమి. మన సీమ జిల్లాల్లో ఈ ఏర్పాటు చాలా ఊళ్ళలో ఉండేది. అక్క లైబ్రరీలో చూస్తే ఆంధ్రలో ఇనాముల రద్దు చట్టం 1956లో వచ్చినట్టు కనబడింది. అంటే ఆమె చేతిలో ఉన్నవి రెండే: ఒక ముసలాయన మాట, ఒక చట్టం సంవత్సరం. అవతలివైపున ఉన్నది మార్కులు వేసే ప్రొఫెసరుగారి నోట్సు.

వారం రోజులు అక్క కలం ముట్టలేదు. "నోట్సు నోట్సులాగే రాసెయ్యవే, మార్కులు మీ తాత వేస్తాడా?" అన్నారట హాస్టల్లో స్నేహితురాళ్ళు. వాళ్ళను నేను తప్పుపట్టను. మనమందరం చేసేది అదే కదా!

చివరికి నన్నడిగింది. "రేయ్, మీ సైన్సులో లెక్చరరు చెప్పింది నీకు సరిగ్గా కనబడకపోతే ఏం చేస్తారు?"

ఇందులో ఏముందన్నాను. టైట్రేషన్‌లో సార్ లెక్క ప్రకారం 20.1 రావాలి, నాకు 19.6 వచ్చింది. సార్‌తో చెబుతాను. "మళ్ళీ చెయ్యి" అంటారు. రెండుసార్లు ఒకే రీడింగ్ వచ్చేదాకా చేస్తాను. గులాబీ రంగు ఏ చుక్కకు వచ్చిందో సార్‌కూ కనబడుతుంది, నాకూ కనబడుతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు.

"మాకు బ్యూరెట్ లేదు గదరా" అంది అక్క.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మానవీయశాస్త్రాల్లో సాక్ష్యం మాటల్లోనే ఉంటుంది, వాదమూ మాటల్లోనే ఉంటుంది, మర్యాదా మాటల్లోనే ఉంటుంది. అందుకని "మీరు చెప్పిన సంగతి సరిగా లేదు" అంటే "మీరు సరిగా లేరు" అన్నట్టు వినబడుతుంది. ఆ భయంతో విద్యార్థి నోరు మూసుకుంటాడు. అతనికి సందేహాలు లేవేమోనని ప్రొఫెసరు అనుకుంటారు.

ఈ మౌనానికి మన దగ్గర పాత కారణం ఒకటి ఉంది. మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. మొదట్లో వాటి ముఖ్యమైన పని పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం. పాఠాలు కాలేజీల్లో జరిగేవి. ఎక్కడో కూర్చున్న పరీక్షాధికారి కోసం చదివేటప్పుడు ఎదురుగా ఉన్న గురువుతో వాదించి లాభమేముంది? నోట్సు రాసుకోవడమే మేలు. జర్మనీలో సంగతి వేరు. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో రాంకే అనే చరిత్రకారుడు కొద్దిమంది విద్యార్థుల్ని ఇంట్లో కూర్చోబెట్టుకొని పాత పత్రాల మీద చర్చ పెట్టేవాడు. మన సెమినార్ అలాంటి గదుల నుంచి వచ్చింది. పేరు వచ్చింది గాని ఆ కుర్చీలు మాత్రం రాలేదనిపిస్తుంది నాకు.

అయితే నోట్సుల రాజ్యంలో కూడా మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. తత్వశాస్త్రం చదువుతున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వేదాంతంలోని నీతి గురించి ఒక పరిశోధనా వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. అప్పటికాయన వయసు ఇరవై, అంటే ఇప్పటి నా వయసు! వేదాంతంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ విమర్శకులకు అది జవాబు. ఆ వ్యాసాన్ని చదవవలసిన ఆచార్యుడు ఎ.జి. హాగ్‌గారు స్వయంగా మిషనరీ. ఆయనకు కోపం వస్తుందేమోనని తాను భయపడ్డట్టు రాధాకృష్ణన్‌గారు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. హాగ్‌గారికి కోపం రాలేదు. పని బాగుందని మెచ్చుకున్నారు. తన మతానికి ఎదురుచెప్పిన కుర్రవాడి వ్యాసాన్ని వ్యాసంగా చదివారు. రాధాకృష్ణన్‌గారు తర్వాత 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. ఆయన అధ్యక్షతన 1948లో ఏర్పడ్డ విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఉపన్యాసాలతో సరిపెట్టవద్దనీ, ట్యుటోరియల్స్ పెంచాలనీ సిఫార్సు చేసింది.

ఈ కథ ఉత్సాహంగా అక్కకు చెబితే, "సగమే చెప్పావు" అంది. చరిత్ర విద్యార్థులతో ఇదే బాధ! జదునాథ్ సిన్హా అనే బెంగాలీ పరిశోధకుడు 1929లో తన పరిశోధనా వ్యాసంలోని భాగాలు రాధాకృష్ణన్‌గారి పుస్తకంలోకి వెళ్ళాయని ఆరోపించారు. రాధాకృష్ణన్‌గారు ఖండించారు. ఇద్దరూ కోర్టుకెక్కారు. 1933లో రాజీ కుదిరింది. "ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పను. నేనిచ్చే ప్రతి కాగితానికీ తేదీ వేసి నకలు దాచుకుంటాను, అంతే" అంది అక్క.

మొత్తానికి పేపరు రాసింది. ఎలా రాసిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రేపు ఎం.ఏ.లో చేరబోయే ఆర్ట్స్ మిత్రులకు ఇది పనికొస్తుంది. "నోట్సులో పొరపాటుంది" అని ఎక్కడా రాయలేదు. ప్రొఫెసరుగారి అభిప్రాయాన్నే ముందు పెట్టి, దానికి ఆయన చెప్పని బలం కూడా తెచ్చి కలిపింది. ఊరివాళ్ళు మరమ్మతు పనికి రాకపోతే డబ్బు వసూలు చెయ్యడానికి మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో ఒక చట్టం వచ్చింది. అది ఆయనకు అనుకూలమైన సాక్ష్యం. దాన్ని దాచలేదు. ఆ తర్వాత జేజినాయన మాటను ఆయన మాటగానే, ఊరి పేరుతో, వయసుతో సహా రాసింది. తనకు తెలియనివి చివర విడిగా రాసింది. అన్నిటికన్నా ముఖ్యం, క్లాసులో అందరి ముందూ ఒక్కసారిగా చదవకుండా మూడు రోజుల ముందే పేపరు తీసుకొని ఆయన గదికి వెళ్ళింది.

ఆయన నిలబెట్టే చదివారట. చాలాసేపు ఏమీ అనలేదు.

"మీ తాతగారిది మాన్యం ఉన్న ఇల్లా, లేని ఇల్లా అమ్మా?"

"లేని ఇల్లు సార్."

"మరి మాన్యం ఉన్నవాళ్ళ మీదికి నెట్టడం ఆయనకు సులువే కదా? వాళ్ళేమంటారో అడిగావా?"

అక్క దగ్గర జవాబు లేదు. ఆయన మళ్ళీ అడిగారు. "1858లోనే చట్టం కావలసి వచ్చిందంటే, శ్రద్ధ తగ్గడం నువ్వు చెప్పే 1956కి వందేళ్ళ ముందే మొదలైనట్టు కాదా?"

అక్కకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో గాని, "చట్టం చేసింది శిస్తు వసూలు చేసుకొనే ప్రభుత్వమే గదా సార్. వాళ్ళు తప్పు ఊరివాళ్ళదేనంటారు" అంది.

"ఆ మాట పేపర్లో ఎందుకు లేదు?" అన్నారాయన.

ఆ రాత్రి కూర్చొని ఆ మాట చేర్చింది. పేపరు చదివిన రోజు క్లాసులో పెద్ద విశేషమేమీ జరగలేదు. ఇద్దరు ప్రశ్నలడిగారు, ఒకరు నిద్రపోయారు. ప్రొఫెసరుగారు తన నోట్సు మార్చుకోలేదు. మార్కులొచ్చాక చూస్తే, నోట్సును నోట్సులాగే దించిన అమ్మాయికి అక్కకన్నా రెండు మార్కులు ఎక్కువ. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కాని అక్క పేపరు తిరిగొచ్చినప్పుడు మార్జిన్ల నిండా పెన్సిలుతో రాసిన ప్రశ్నలున్నాయి. ఆ రెండు మార్కుల అమ్మాయి పేపరు మీద ఒక్క టిక్కు మాత్రమే ఉందట. అక్క పేపరు చివరి పేజీలో "ఒక్క ఊరు చాలదు" అని ఉంది.

అందుకని ఈ వేసవిలో నాన్న బండి తీసుకొని ఇద్దరమూ చుట్టుపక్కల చెరువులకు తిరిగాం. అక్క అడిగేది, నేను తూము దగ్గర టేపు పట్టుకొనేవాణ్ణి. మూడో ఊళ్ళో మాన్యం ఇంటి పెద్దావిడ దొరికింది. మాన్యంలో పండే గింజలు కట్టకు చాలేవి కాదనీ, తన మామ సొంత డబ్బు పెట్టి తూము కట్టించాడనీ, మట్టి మొయ్యడానికి పిలిస్తే ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ రాలేదనీ చెప్పింది. అక్క ఒక్క మాట కూడా విడవకుండా రాసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. ఈ సంగతి జేజినాయనకు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను. అక్క కూడా అదే ఆలోచిస్తోందని ఇంటి ముందు దిగినప్పుడు తెలిసింది.