పెరటి చెట్టు - వీధి నీడ

మహారాష్ట్రలోని సోలాపూరులో వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. ఆ నగరంలో తరతరాల క్రితమే స్థిరపడిన తెలుగు నేతపనివారి కుటుంబాలు అనేకం ఉన్నాయి. నేతపనికీ చెట్టు నీడకూ పాత చుట్టరికం. చేమగ్గాల కాలంలో పడుగును ఆరుబయట బారుగా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవారు. ఎండ ఎక్కితే గంజి త్వరగా ఆరి పోగులు తెగుతాయి. అందుకే ఆ పనిని తెల్లవారుజామున, వీలైనచోట చెట్ల నీడన చేసుకొనేవారు.

అటువంటి వాడలో ఒక ఇంటి పెరట్లో పెద్ద వేపచెట్టు ఉందనుకోండి. అది తాత నాటిన చెట్టు. దాని కొమ్మలు ప్రహరీగోడ దాటి వీధి మీదకు వాలాయి. మిట్టమధ్యాహ్నం కూరగాయల బండి ఆ నీడలోనే ఆగుతుంది. బడి నుండి వచ్చే పిల్లలు అక్కడ క్షణం నిలబడి చెమట తుడుచుకుంటారు. ఇప్పుడు మనుమడు ఆ పెరట్లో మరమగ్గాల షెడ్డు వేయాలనుకుంటున్నాడు. చెట్టు అడ్డుగా ఉంది.

"స్థలం మాది, చెట్టు మాది. కొట్టుకోవడానికి ఒకరిని అడగాలా?" అని అతని ప్రశ్న. "చెట్టు మీదే బాబూ! కాని నీడ అందరిదీ కదా!" అని ఎదురింటి అవ్వ మాట. అతనికి షెడ్డు జీవనాధారం. వీధివారికి ఆ నీడ తప్ప మరో నీడ లేదు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇటువంటి చిక్కును తీర్చడానికే చెట్ల సంరక్షణ చట్టాలు ఏర్పడ్డాయి.

చెట్టుకు చేసిన హానిని బట్టి దండన విధించడం మన దేశంలో ఈనాటిది కాదు. నగర ఉపవనాలలోని పూలచెట్ల, పండ్లచెట్ల, నీడనిచ్చే చెట్ల చిగుళ్లు తుంచితే 6 పణాలు, చిన్న కొమ్మలు నరికితే 12 పణాలు, పెద్ద కొమ్మలు నరికితే 24 పణాలు దండుగ చెల్లించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతోంది. అయితే అవి ఉపవనాల చెట్లు. సొంత పెరటిలోని చెట్టు సంగతి ఏమిటి?

మహారాష్ట్రలో నగర ప్రాంతాల చెట్ల రక్షణకు 1975లో ఒక చట్టం వచ్చింది. సొంత స్థలంలోని చెట్టుకు కూడా అది వర్తిస్తుంది. చెట్టును కొట్టదలచినవారు కారణం తెలుపుతూ ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. వృక్షాధికారి వచ్చి చెట్టును పరిశీలిస్తాడు. ఆ విషయం నలుగురికీ తెలిసేలా చెట్టుకు నోటీసు అంటిస్తారు, పత్రికలలో ప్రకటిస్తారు. అభ్యంతరం ఉన్నవారు తెలుపవచ్చు. చచ్చిపోయిన చెట్టుకు, తెగులు పట్టిన చెట్టుకు, ప్రాణానికో ఆస్తికో ప్రమాదం తెచ్చే చెట్టుకు అనుమతి నిరాకరించరాదని కూడా చట్టమే చెబుతోంది. 5 ఏండ్లకు ఒకసారి నగరంలోని చెట్లను లెక్కించాలనేది మరొక నియమం. 2021లో ఈ చట్టాన్ని సవరించారు. 50 ఏండ్లు, అంతకు పైబడిన చెట్లను వారసత్వ వృక్షాలుగా పరిగణించారు. కొట్టే చెట్టు వయస్సు ఎన్ని ఏండ్లో అన్ని మొక్కలు నాటాలన్నారు. 60 ఏండ్ల వేపను కొడితే 60 మొక్కలు నాటాలన్నమాట.

కర్ణాటకలో 1976 నాటి చట్టం ఇటువంటిదే. గొడ్డలితో నరకడం ఒక్కటే "కొట్టడం" కాదని అది వివరిస్తుంది. వేళ్లతో పెకలించడం, కాల్చడం, మందు పెట్టి చంపడం, మాను చుట్టూ బెరడు ఒలవడం కూడా కొట్టడం కిందికే వస్తాయి. ఆకులలో తయారైన ఆహారం బెరడు లోపలి పొర ద్వారానే వేళ్లకు చేరుతుంది. చుట్టూ ఆ బెరడును ఒలిస్తే వేళ్లకు ఆహారం అందక, కొంతకాలానికి చెట్టు నిలువునా ఎండిపోతుంది. "దానంతట అదే ఎండింది" అని చెప్పి తప్పించుకోవడానికి వీలు లేకుండా చట్టం ముందుగానే ఆ దారి మూసింది.

నియమాలు మరీ కఠినమైతే మరొక చిక్కు ఉంది. "రేపు కొట్టుకోనివ్వని చెట్టును ఈ రోజు నాటడం ఎందుకు?" అని జనం వెనుకాడతారు. అందువల్ల సరుగుడు, కొబ్బరి, నీలగిరి, సుబాబుల్, రబ్బరు మొదలైన చెట్లకు కర్ణాటక చట్టం అనుమతి నుండి మినహాయింపు ఇచ్చింది. వీటిని రైతులు పంటగా పెంచుకుంటారు. ఇక నీలగిరుల వంటి కొండ ప్రాంతాల చెట్లకు తమిళనాడులో 1955 నుండే చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం నీటితో, నేలతో పాటు చెట్లకూ రక్షణ కల్పించింది.

ఇక మనుమడు ఏం చేయవచ్చు? రాత్రికి రాత్రి చెట్టు కొట్టిస్తే అది నేరం. షెడ్డును రెండు గజాలు జరిపి చెట్టును నిలుపుకోవచ్చు. అడ్డువచ్చే కొమ్మలను మాత్రమే అనుమతితో తీయించవచ్చు. ఏదీ కుదరకపోతే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు వీధివారు కూడా నోటీసు చదివి, తమ మాట చెప్పాలి. ఎవరూ చదవని నోటీసు చెట్టును కాపాడలేదు. ఎందుకంటే, 60 మొక్కలు నాటినా అవి నీడనిచ్చే నాటికి ఈ రోజు బడికి వెళ్లే పిల్లలు పెద్దవారవుతారు. తాత చెట్టును ఒక్క పూటలో కొట్టవచ్చు. దాని నీడను ఒక్క పూటలో తిరిగి తేలేము. కొట్టే ముందు ఒకసారి ఆగి, అడగమని చట్టం చెప్పడం అందుకే.

పదాలు - అర్థాలు

పడుగు = మగ్గంపై నిలువుగా ఉండే నూలు పోగులు
ఉపవనం = తోట
పణం = పూర్వకాలపు నాణెం
మాను = చెట్టు మొదలు, కాండం
మినహాయింపు = నియమం వర్తించకుండా విడిచిపెట్టడం

ప్రశ్నలు

1. మనుమని వాదమేమిటి? అవ్వ వాదమేమిటి? మీరు ఎవరి పక్షం? ఎందుకు?
2. మాను చుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు ఎందుకు చనిపోతుంది?
3. కొన్ని చెట్లకు అనుమతి అవసరం లేదనడంలోని ఉద్దేశం ఏమిటి?
4. మీ వీధిలో పెరటి గోడ దాటి నీడనిచ్చే చెట్టును చూడండి. దాన్ని ఎవరు నాటారో పెద్దలనడిగి పది వాక్యాలు వ్రాయండి.